తెగల లిస్టు పక్కన పెట్టి సంతల క్యాలెండర్ పట్టుకోండి

విశాఖ నుంచి అరకు, అక్కణ్ణుంచి కొరాపుట్ మీదుగా తిప్పే గిరిజన టూర్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. నాలుగు రోజులు, ఆరు తెగలు. మొదటి రోజు పరజ, రెండో రోజు గదబ, మూడో రోజు బోండా, వీలుంటే డొంగ్రియా. హోటల్లో మెనూ కార్డు చదువుతున్నట్టే ఉంటుంది. ఈ కొండలు చూడదలచినవాళ్లు తప్పకుండా వెళ్లాలి, గైడును పెట్టుకునే వెళ్లాలి. కాకపోతే ఈ వరసలో మాత్రం వెళ్లకూడదన్నది నా వాదన. ప్రయాణాన్ని తెగల పేర్ల మీద కాకుండా వారపు సంతల మీద కట్టుకోవాలి. ఊళ్లను అసలు లిస్టులోనే పెట్టకూడదు.

ఇందులో మర్యాద సంగతి ఉంది, కానీ అంతకంటే ముందు పని జరగడం, జరగకపోవడం అనే మామూలు లెక్క ఉంది. పగటిపూట ఊరికి వెళ్తే పెద్దవాళ్లెవరూ ఉండరు. పొలంలోనో, కొండ మీద పోడులోనో, పశువుల వెంటో ఉంటారు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పసిపిల్లలు మిగులుతారు. రెండు కార్లలోంచి ఎనిమిది మంది దిగితే ఆ పూట మనకు వాళ్లతో పని లేదు, వాళ్లకు మనతో పని లేదు. ఇక జరగడానికి మిగిలింది ఒకటే, ఫోటో. దాని వెనకాలే ఫోటోకు డబ్బులు, పిల్లలకు బిస్కెట్లు. ఇలా ఏళ్లతరబడి జరిగిన చోట బండి చప్పుడు వినగానే పిల్లలు చెయ్యి చాపుకుని పరిగెత్తుకొస్తారు. ఆ అలవాటు చేసింది టూరిస్టులే. సంతలో వ్యవహారం వేరు. అక్కడికి వాళ్లు వాళ్ల పని మీద వస్తారు. మీరు అల్లం కొనడానికి వెళ్తే మీకూ ఒక పని ఉంటుంది. బేరం దగ్గర ఇద్దరూ సమానమే. ఇంకా చెప్పాలంటే ధర వాళ్లకు తెలుసు, మీకు తెలియదు.

అసలు ఈ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఎలా వచ్చిందో తెలిస్తే సంతలు ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా కొరాపుట్, జయపురం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాయే. జయపురం జమీందారీ కింద ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టిన విక్రమదేవ వర్మ ఆ జయపురం మహారాజే. గీత గీసినా మనుషులు కదల్లేదు. ఇవాళ్టికీ జయపురం బజారులో తెలుగుతో నెట్టుకురావచ్చు. ఇటు అరకు, పాడేరు పల్లెల్లో కొటియా, వాల్మీకి తెగల కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. అటువైపు దాన్నే దేసియా అంటారు. భాషలు వేరైన తెగలన్నీ సంతలో కలిసినప్పుడు మాట్లాడుకునేది దేసియాలోనే.

భాషల సంగతి మన తెలుగువాళ్లు కాస్త ఆగి చూడాల్సినది. ఒకే సంతలో రెండు భాషా కుటుంబాలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. కొండదొరల పాత భాష కొండ, కోదుల కువి మన తెలుగుకు దాయాదులు, ద్రావిడ భాషలు. కొండ భాషను భద్రిరాజు కృష్ణమూర్తి స్వయంగా పరిశోధించి 1969లో వ్యాకరణం అచ్చువేశారు. ఇల్లును ఆ భాషలో 'ఇలు' అంటారు. పక్కనే కూర్చున్న గుతోబ్ గదబ మనిషి నీళ్లను 'డా' అంటుంది. అది ముండా భాష, సంతాలీకి చుట్టం, దూరంగా కంబోడియా ఖ్మేర్ భాషకూ చుట్టమే. బోండాలు తమ భాషను, తమను కూడా 'రెమో' అనుకుంటారు. ఆ మాటకు అర్థం మనిషి అని. ఇంకో తిరకాసు గదబల్లోనే ఉంది. గుతోబ్ గదబలది ముండా భాష, ఓల్లారి గదబలది ద్రావిడ భాష. తెగ పేరు ఒకటే, భాషలు మాత్రం ఏ సంబంధమూ లేనివి. ఆరు తెగలు చూపిస్తానన్న గైడును ఈ తేడా అడిగి చూడండి. అతను చెప్పే జవాబును బట్టి పెట్టుకోవాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు రోజుల లెక్క. ఈ ప్రాంతంలో బయటివాళ్లకు బాగా తెలిసిన సంతలు నాలుగు. బుధవారం రాయగడ జిల్లా చాటికొన, గురువారం మాచ్‌ఖండ్ దగ్గర ఒనకఢిల్లీ, శుక్రవారం సెమిలిగుడ దగ్గర కుందులి, అదే శుక్రవారం ఇటు అరకు. ప్యాకేజీలు చేసే పెద్ద తప్పు బుధవారాన్నీ గురువారాన్నీ ఒకే తాడుకు కట్టడం. చాటికొన డొంగ్రియాల నియమగిరి కొండ పక్కన ఉంది, ఒనకఢిల్లీ ఆంధ్ర సరిహద్దులో ఉంది. మధ్యలో రాయగడ, కొరాపుట్ కొండలన్నీ దాటాలి. బుధవారం మధ్యాహ్నం దాకా చాటికొనలో ఉంటే జయపురం చేరేసరికి రాత్రవుతుంది. మళ్లీ గురువారం తెల్లవారుజామునే లేచి ఇంకో రెండున్నర గంటలు ఘాట్ రోడ్డు ఎక్కాలి. డ్రైవరుకు నిద్ర ఉండదు, మీకు ఓపిక ఉండదు. సంత చేరాక అందరూ బండిలోనే కునుకు తీస్తారు. నన్నడిగితే చాటికొనను ఈ ప్రయాణంలోంచి తీసేయాలి. నియమగిరికి విడిగా వెళ్లాలి. విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా పోయే రైల్లో తేలిగ్గా చేరవచ్చు. బాక్సైట్ గని వద్దని 2013లో పన్నెండు గ్రామసభలు పన్నెండూ తేల్చి చెప్పిన కొండ అది. దాన్ని సగం పూటలో ముగించేయడం ఏం బాగుంటుంది?

కాబట్టి బుధవారం ఉదయం విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కండి. ఏడు లోపే బయల్దేరుతుంది. పదకొండు ప్రాంతంలో అరకు దాటి, మధ్యాహ్నం దాటాక కొరాపుట్ చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. అద్దాల బోగీ టికెట్ అరకు దాకానే మోజు, ఆ తర్వాత మామూలు సీటు చాలు. ఇక్కడ పేర్ల దగ్గర ఒక తికమక ఉంది. బొర్రా గుహలు దాటాక అరకుకు ముందు వచ్చే సిమిలిగుడ, 996 మీటర్ల ఎత్తున్న స్టేషన్, ఆంధ్రలో ఉంది. కుందులి సంతకు వెళ్లాల్సిన సెమిలిగుడ ఒడిశాలో సునాబెడ పక్కనున్న పట్టణం. మ్యాప్‌లో తప్పు పేరు నొక్కి కారు బుక్ చేసుకున్నవాళ్లు కొండకు అవతల చిక్కుకుంటారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి ఈ లైను ఆగిపోవడం మామూలే. ఆ నెలల్లో వెళ్తే సాలూరు, సుంకి ఘాట్ మీదుగా పోయే 26వ జాతీయ రహదారిని అట్టేపెట్టుకోండి. నవంబరు, డిసెంబరు అన్నిటికంటే అనువు. వలిసె పూలుంటాయి, కోతలయి సంతలు నిండుగా ఉంటాయి, రోడ్లు ఆరి ఉంటాయి.

బుధవారం రాత్రి జయపురంలో పడుకుని, గురువారం పొద్దున్న ఆరింటికల్లా అక్కణ్ణుంచి బయల్దేరాలి. లమ్తాపుట్ మీదుగా దారి. తొమ్మిదింటికి ఒనకఢిల్లీలో ఉంటే సంత నిండటం కళ్లారా చూస్తారు. పదకొండుకు బాగా ఊపు మీద ఉంటుంది, రెండింటికి పల్చబడుతుంది. ఆ తర్వాత మిగిలేది సారా, జీలుగు కల్లు దగ్గర గుంపులే. అప్పుడు అక్కడ మనం ఉండాల్సిన పని లేదు.

సంతలోకి పోయే ముందు అంచున నిలబడి పది నిమిషాలు గమనించండి. కొండ దిగి వచ్చే దారులన్నిటి దగ్గరా తూకం కాటాలు పట్టుకుని కొంతమంది కాసుకుని ఉంటారు. నెత్తిన గంపతో ఆడమనిషి దగ్గరికి రాగానే గంప దించేస్తారు. అల్లమో చింతపండో ఒక చూపు చూసి, కాటా వేసీ వెయ్యకుండానే చేతిలో నోటు పెడతారు. ఆవిడ ఒక మాట అంటుంది, ఇంకో పది కలుస్తుంది, అంతే. సంత లోపలికి పోతే ఇంకో రెండు రూపాయలు ఎక్కువొస్తాయని ఆమెకు తెలియక కాదు. ఆ నోటుతో ముందు ఉప్పు, ఎండుచేపలు, పొగాకు కొనుక్కుని చీకటి పడకుండా కొండెక్కాలి. ఆంధ్ర వైపు ఇదే దోపిడీకి అడ్డుకట్టగా 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. అయినా దళారి పోలేదు. ఈ పది నిమిషాల్లో కనబడేది ఏ మ్యూజియంలోనూ కనబడదు. దీన్ని చూపించి, ఎవరు ఎవరికి బాకీయో వివరించగలవాడే గైడు.

లోపల వరసలు విడివిడిగా ఉంటాయి. ఒక పక్క అల్యూమినియం గిన్నెలు, ప్లాస్టిక్ పూసలు, చీరలు, వీటిని మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అమ్ముతారు. ఇంకో పక్క నేల మీద గోనెపట్టా పరిచి సామలు, చోళ్లు, పిప్పళ్లు, అడ్డాకులు, కొండచీపుర్లు, వానాకాలమైతే వెదురు కొమ్ములు. ఈ రెండో వరసలోనే కొనండి. వంద గ్రాములు అడక్కండి, కిలో, రెండు కిలోలు తీసుకోండి. పది, ఇరవై, యాభై నోట్లు కనీసం రెండు వేలకు సరిపడా ముందు రోజే మార్చుకుని ఉంచుకోండి. ఐదొందల నోటు తీస్తే చిల్లర కోసం ఆవిడ బేరం ఆపి పది మందిని అడగాలి. 'జుహార్' అని పలకరించి, 'కేతే' అని ధర అడిగితే చాలు. మిగతాది వేళ్లతో నడుస్తుంది. చెప్పిన ధరకు బేరమాడకండి. పొద్దున్న దళారి ఇచ్చిన ధర చూశారు కదా.

కొరాపుట్ కాలాజీర బియ్యం కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరుతో ఏదైనా అమ్మేస్తున్నారు. నల్ల జీలకర్రలా కనిపించేది వడ్ల పొట్టు మాత్రమే. దంచాక గింజ తెల్లగా, సన్నగా, సువాసనతో ఉంటుంది. కాలాజీర అని నల్ల బియ్యం చూపిస్తే అది వేరే రకం. ఈ ప్రాంతపు సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ సేద్యాల్లో చేర్చింది. జయపురం దగ్గరి పల్లెలో ఇలాంటి వరి రకాలను దాచి కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. వెనుకబడిన ప్రాంతం అన్న మాట వాడే ముందు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఇక బోండాలు. ఒనకఢిల్లీకి టూరిస్టులు వచ్చేదే వాళ్ల కోసం. ఆడవాళ్లకు మెడ నిండా లోహపు కడియాలు, పూసల దండలు, నున్నగా గీసిన తల. గైడ్లు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. సీతమ్మ స్నానం చేస్తుంటే నవ్వారట, ఆమె శపించిందట, అందుకే ఈ వేషమట. ఆ తర్వాత బాణాలు వేస్తారని, కోపిష్ఠులని. ఈ కథ మొదలెట్టిన గైడును అక్కడే ఆపి, వాళ్లు నడుముకు చుట్టుకునే ఈ రింగా గుడ్డ నూలు ఎక్కడిది అని అడగండి. కెరంగ్ అనే మొక్క నార తీసి, వడికి, రంగువేసి, నడుముకు కట్టుకునే చిన్న మగ్గం మీద నేసిన గుడ్డ అది. ఆ నార తీసే ఓపిక, అడవిలో ఆ మొక్క, రెండూ తగ్గి ఇప్పుడు బజారు నూలే ఎక్కువ. శాపం కథ కంటే ఇది ఎంత ఆసక్తిగా ఉంది! పోనీ ఇంకోటి చెప్పమంటే, 2024లో ఈ తెగ నుంచి మొదటిసారి ఒక కుర్రాడు నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాడని చెప్పమనండి.

నిబంధనలు కూడా ఉన్నాయి. 2012లో ఒడిశా ప్రభుత్వం బోండా, డొంగ్రియా లాంటి అతిబలహీన తెగల ఊళ్లకు టూరిస్టులు పోవడంపైనా, వాళ్ల ఫోటోలు తీయడంపైనా ఆంక్షలు పెట్టింది. బోండాలుండే ముదులిపడ కొండ మీదికి తీసుకెళ్తా, అక్కడ నాకు తెలిసినవాళ్లున్నారు అని గొప్పగా చెప్పే గైడును వద్దనుకోండి. అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు ఉంటే అనుమతి సంగతి జిల్లా యంత్రాంగంతో ముందే తేల్చుకోవాలి, సంతలో పోలీసు అడిగాక కాదు. కెమెరా బండిలోనే వదిలేయండి. ఫోన్ కూడా జేబులోంచి తీయకండి. జూమ్ లెన్సుతో దూరం నుంచి తీస్తే ఎవరికీ తెలియదని అనుకుంటారు. అందరికీ తెలుస్తుంది. ఆడవాళ్లు మొహం తిప్పేసుకుంటారు, ఆ తర్వాత మీకు సరుకు అమ్మరు.

తిరుగు దారిలో లమ్తాపుట్ చుట్టుపక్కల గదబ ఊళ్లుంటాయి. ఊళ్లు వద్దన్నాను కదా, మళ్లీ ఇదేమిటంటారేమో. గైడు సొంత ఊరైతే, ముందు రోజే కబురు పెట్టి ఉంటే, సాయంత్రం పనుల నుంచి అందరూ వచ్చాక, నలుగురికి మించకుండా వెళ్లవచ్చు. అది చూడటానికి పోవడం కాదు, పిలిస్తే పోవడం. అక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఊరి మధ్య పెద్ద చెట్టు కింద బల్లల్లాంటి రాళ్లు పరిచి ఉంటాయి. దాన్ని 'సదర్' అంటారు. ఊరి పెద్దలు కూర్చునే చోటు అది. గదబలు పోయినవాళ్ల కోసం ఎన్నో ఏళ్లకోసారి 'గోతర్' అనే పెద్ద క్రతువు చేసి రాళ్లు నిలబెడతారు. నడిచి అలసిపోయి ఏదో రాయి కదా అని సంచీ పెట్టి కూలబడకండి. ఎక్కడ కూర్చోమంటారో అడగండి. చోడి అంబలి ఇస్తే పుచ్చుకోండి. డబ్బు ఇవ్వాలనుకుంటే ఎవరి చేతికీ కాదు, గైడును అడిగి ఊరి పెద్దకు ఇవ్వండి. పిల్లలకు మాత్రం ఏమీ పంచకండి, పలకలూ పెన్సిళ్లూ అయినా సరే.

శుక్రవారం కుందులిని ఎంచుకోండి, అరకును వదిలేయండి. కుందులి టోకు సంత. కూరగాయలు, అల్లం, పసుపు లారీల్లో మైదానానికి పోతాయి. టూరిస్టును పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు, అదే దాని సుగుణం. మిగిలిన పూట దేవమాలి కొండకు పోవచ్చు. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది. ఓపికుంటే శనివారం కోట్‌పాడ్ వెళ్లండి. ఆల్ చెట్టు వేరు పట్టతో ముదురు ఎరుపు, గోధుమ రంగులద్దే నేత అక్కడిది. ఆముదం, పేడ, బూడిదలతో నూలును తయారుచేయడానికే వారాలు పడుతుంది కాబట్టి ధర తక్కువ ఉండదు. తక్కువకు దొరికిందంటే రసాయన రంగే.

అరకు మీద నాకు కోపమేమీ లేదు. అయితే రిసార్టులో మంట వేసి, రాత్రి ఎనిమిదింటికి ఇరవై నిమిషాలు ఆడించే థింసాను చూసి థింసా చూశామనుకోకూడదు. నడుముల వెనక చేతులు గొలుసుగా పట్టుకుని పాములా మెలికలు తిరిగే ఆ వరస పండగల్లోది, పెళ్లిళ్లలోది. గ్రామదేవత కోసం ఆడే బోడ థింసా వేరు, పులి దాడి నుంచి తప్పించుకోవడాన్ని చూపే బాగ్ థింసా వేరు. రిసార్టులో అన్నీ కలిపి ఒకే ముద్ద. బస చేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి, ఈ స్థలం ఎవరిది అని. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. గిరిజన కుటుంబం నడిపే హోమ్‌స్టేలో గది చిన్నగా ఉండొచ్చు, వేడినీళ్లు బకెట్లో రావచ్చు. డబ్బు మాత్రం ఆ ఊళ్లోనే ఉంటుంది.

గైడును ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి అతను దేసియాతో పాటు గుతోబో కువియో మాట్లాడగలడా అన్నది. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా అది తర్వాతి మాట. రోజు కూలీ, అతని భోజనం, బస, డ్రైవరు బత్తా విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పేచోట గైడుకు చివర్లో మిగిలేది టిప్పే. ఆ టిప్పు కోసమే అతను మిమ్మల్ని వద్దన్న ఊళ్లోకి తీసుకెళ్తాడు. ఒక బండికి నలుగురు చాలు.

ఆదివారం సుంకి ఘాట్ మీదుగా దిగితే, సాలూరుకు పైన కొటియా వైపు దారి చీలుతుంది. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న 21 ఊళ్లు అక్కడున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన తగాదా 2006 దాకా నడిచి, తేలకుండానే బయటికొచ్చింది. రెండు రాష్ట్రాల రేషన్, రెండు రాష్ట్రాల ఓటు కార్డులు ఉన్న ఇళ్లున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలప్పుడు గొడవ మళ్లీ కోర్టుకెక్కింది. ఆ దారిలో ఆగి మీది ఏ రాష్ట్రమని ఎవర్నీ అడక్కండి. రెండు వైపుల అధికారులూ అడిగే ప్రశ్న అదే.

చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం సంచులన్నీ విప్పుతారు. విశాఖలో మా చుట్టానికి ఇవ్వండంటూ ఎవరైనా పార్సిలిస్తే, గైడు చెప్పినా సరే, తీసుకోకండి. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే దించుకోండి. సాయంత్రం అయిదు తర్వాత పొడుగు చేతుల చొక్కా వేసుకుని, రాత్రి దోమతెరలో పడుకోండి. ఇక్కడి మలేరియాలో ఎక్కువ భాగం మెదడుకెక్కే ప్రమాదమున్న రకమే. ఇంటికొచ్చాక నెల రోజుల్లోపు చలి, జ్వరం వస్తే రెండు రోజులు పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకండి. డాక్టరుకు మొదటి మాటగా కొరాపుట్ వెళ్లొచ్చామని చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.